తాటిచెట్టు కింద తల తిప్పిన కథ

ఫిజియోథెరపీ చదువుకునే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతూ అందరూ అడిగేది ఒకటే: "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏది?" పక్షవాతంతో మంచం పట్టిన మనిషిని నడిపించిన సంగతేదో చెబుతానని ఎదురుచూస్తారు. అలాంటివి ఉన్నాయి. నెలల తరబడి ఓపికపట్టి సాధించినవి. వాటిని తలుచుకుంటే తృప్తిగా ఉంటుంది. కానీ తలుచుకున్నప్పుడల్లా నన్ను ఒంటరిగా నవ్వించే కేసు ఒక్కటే ఉంది. అందులో నేను చేసిందల్లా ఒక మనిషి తలను అటూ ఇటూ తిప్పడం.

ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానాలో ఎక్స్‌రే గదికి ఎదురుగా ఉండేది నా గది. ఆదిభట్ల కంపెనీల్లో కంప్యూటర్ల ముందు కూచుని మెడలు పట్టేసుకున్న పిల్లలు, యాచారం చేలల్లో నడుములు వంగిపోయిన రైతులు, సాగర్ రోడ్డు మీద బండ్లు పడి కాళ్లు విరిగినవాళ్లు, అందరూ అదే మంచం మీద పడుకునేవారు. నాతో ఒక సిస్టర్ పనిచేసేది. నవ్వు వస్తే ఆపుకోలేని మనిషి. చావు కబురు చెప్పాల్సి వస్తే ఆమెను పంపేవాళ్లం కాదు. పక్క గదిలో కూచునే డాక్టరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన నవ్వడం చూశామని చెప్పినవాళ్లున్నారు గానీ నేను నమ్మేదాన్ని కాదు. ప్రతిదానికీ రెండుసార్లు ఆలోచించే జాగ్రత్తపరుడు, మంచివాడు.

ఎండలు మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం, మెడకు తెల్లని పట్టా కట్టుకున్న ఒక పెద్దాయనను అతని భార్య చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ తెచ్చింది. మనిషి దిట్టంగా ఉన్నాడు. అరిచేతులు, పాదాలు తాటిచెట్టు బెరడులా గట్టిపడి ఉన్నాయి. యాచారం అవతలి ఊరి కల్లుగీత కార్మికుడు. అంత మనిషి గడప దాటడానికి గోడ పట్టుకున్నాడు.

"ఏమైంది అన్నా?" అన్నాను.

"చక్కరొస్తుంది మేడమ్" అన్నాడు. తరువాతి మాటలన్నీ భార్యవే.

"పండుకుంటే చక్కర్, లేస్తే చక్కర్, పక్కకు మర్లితే చక్కర్. చెట్టెక్కి పైకి చూసిండంటే ఇగ చెప్పొద్దు. మొన్న సగం చెట్టుకాడ నడుముకేసిన మోకు పట్టుకొని యాలాడిండు. కిందికెళ్లి నేను బొబ్బలు పెట్టిన. ఎట్ల దిగిండో ఆయనకే తెల్వదు. బీపీ అన్నరు, రగుతం తక్కువన్నరు, మెడ ఎముక అరిగిందని గీ పట్టా కట్టిండ్రు."

"పట్టా కట్టినంక తగ్గిందా?"

"తల పైకెత్తరాదు గద మేడమ్. పైకి చూసుడే బందైతే చక్కరెట్లొస్తది?"

ఆ ఒక్క మాటతో నా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"రోజంతా తిరుగుతదా, జరసేపేనా?"

ఈసారి అతనే చెప్పాడు. "జరసేపే. తల కదలకుంట పెట్టుకుంటే పోతది. గని గా జరసేపట్ల పానం పోతది మేడమ్."

పిల్లలూ, మీకు ఇప్పుడు ఇది మొదటి ఏడాదిలోనే చెబుతున్నారు. మన లోపలి చెవిలో సున్నపు రేణువుల్లాంటివి సన్నగా ఉంటాయి. తల ఎటు వంగిందో మెదడుకు చెప్పడానికి అవి సాయపడతాయి. ఒక్కోసారి అవి తమ చోటు వదిలి పక్కనున్న సన్నని గొట్టాల్లోకి జారతాయి. అప్పటినుంచి తల వాల్చినప్పుడల్లా అక్కడ దొర్లుతూ, ఉన్న మనిషిని ఉన్నచోటే గిరగిరా తిప్పుతాయి. ఏ మాత్రా వాటిని వెనక్కి తేలేదు. తలను ఒక పద్ధతిలో వంచి, ఆపి, తిప్పి, వచ్చిన దారినే వాటిని బయటకు దొర్లించాలి. నేను దీన్ని పట్నంలో ఒక శిక్షణలో నేర్చుకున్నాను. మా సిస్టర్ మీద ఎన్నిసార్లు సాధన చేశానో, ఆమె "నా తలకాయ ఊడిపోతే పింఛనెవరికిస్తరు?" అని అడిగేది. అయితే ఆ జబ్బు ఉన్న మనిషి కళ్లు ఎలా తిరుగుతాయో వీడియోల్లో చూడడమే తప్ప నా చేతుల్లో ఎప్పుడూ చూడలేదు.

పట్టా విప్పి, మెడ బాగానే ఉందని చూసుకుని, అతన్ని మంచం మీద కూర్చోబెట్టాను. తల కుడివైపుకు తిప్పి చెప్పాను: "ఇప్పుడు వెనక్కి పడుకోబెడతా. తల మంచం అంచు దాటి కొంచెం వేలాడుతది. ఏమైనా సరే కండ్లు మూసుకోకు. నన్నే చూడు."

పడుకోబెట్టాను. ఏమీ కాలేదు. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. "ఏం కాలే" అంది భార్య నిరాశగా.

అంతలోనే మొదలైంది. అతని నల్లగుడ్లు కిందున్న చెవివైపు మెలితిరుగుతూ ఎగిరెగిరి పడ్డాయి. "ఓరి నాయనో! మంచం బోర్ల పడ్తుంది! పట్టుకోండ్రి!" అని అరిచి నా మణికట్టు పట్టుకున్నాడు. తాటిచెట్టును పట్టుకునే పట్టు అది. నా గాజులు రెండు పగిలాయి. నేను ఓదార్చాలి కదా! ఓదార్చలేదు. "వచ్చింది! సిస్టర్, ఉరుకు, వచ్చింది! ఎంత చక్కగ తిరుగుతున్నయో చూడు!" అని అతనికంటే గట్టిగా అరిచాను.

"ఏందమ్మా, ఆయన సస్తుంటే నువ్వు సంబురపడుతున్నవ్?" అని భార్య నా మీదికి వచ్చింది.

సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. గోలకు డాక్టరూ వచ్చాడు. వచ్చిన మరుక్షణమే పేషెంటు ఆయన బూట్ల మీద వాంతి చేసుకున్నాడు. డాక్టరు బూట్ల వైపు చూడనేలేదు. అలాగే వంగి ఆ కళ్లను చూస్తూ, "పుస్తకంలో ఉన్నట్టే ఉంది" అన్నాడు మెల్లగా. అప్పటివరకు 'తల తిప్పుడు వైద్యం' అని నన్ను ఆటపట్టించిన మనిషి ఆయన. "మీరు కానివ్వండి" అని అక్కడే నిలబడ్డాడు.

కళ్లు నిమ్మళించాయి. నేను తలను మెల్లగా ఎడమవైపుకు తిప్పి ఆపాను. తరువాత అతన్ని ఎడమ పక్కకు ఒత్తిగిలించి, ముఖం నేలవైపు వంచాను. భార్య భయం చూసి ఆమెకు అర్థమయ్యేలా చెప్పాను: "కల్లు లొట్టి అడుగున మడ్డి ఉంటది కదా అక్కా. ఒక మూలకు చేరిన మడ్డిని ఇంకో మూలకు తేవాలంటే లొట్టిని నెమ్మదిగ వంచుతం. గట్లనే."

"నా పెనిమిటి తలకాయ లొట్టా?" అంది. మళ్లీ తనే, "ఔ, లొట్టే" అంది. సిస్టర్ మందుల అల్మారా వెనక్కి వెళ్లి నవ్వుకుంది.

అతన్ని లేపి కూర్చోబెట్టి, కాసేపు ఆగనిచ్చి, మళ్లీ అదేవిధంగా వెనక్కి పడుకోబెట్టాను. అతను నా కొంగు ముందే గట్టిగా పట్టుకున్నాడు. కళ్లు కదలలేదు.

"ఏమన్న తిరుగుతుందా అన్నా?"

అతను పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. "తిరుగుతుంది" అన్నాడు.

నేను మళ్లీ అతని కళ్లమీదికి వంగాను.

"ఫ్యాన్ తిరుగుతుంది మేడమ్. గదొక్కటే తిరుగుతుంది."

ఆ తరువాత మా గదిలో దవాఖానా మర్యాద మిగల్లేదు. సిస్టర్ నేల మీద కూలబడి నవ్వింది. భార్య కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. పేషెంటు మంచం దిగి తల పైకెత్తి, కిందికి దించి, కుడికి, ఎడమకు తిప్పి, కొత్త బొమ్మ దొరికినట్టు తన తలతో తానే ఆడుకున్నాడు. డాక్టరు నవ్వడం ఆ రోజు నేనూ చూశాను.

ఆ సంబరం మధ్యలోనే అతను అడిగాడు: "ఇగ చెట్టెక్కొచ్చునా?"

నవ్వులు ఆగిపోయాయి. ఈ జబ్బు తగ్గినంత సులువుగా మళ్లీ వచ్చే రకం. నేల మీద వస్తే కూలబడతాడు. తాటిచెట్టు పైన మొవ్వలో ఉండగా వస్తే?

"చెట్టు మాట మర్చిపో పెద్దాయనా" అన్నాడు డాక్టరు.

"చెట్టు మర్చిపోతే నేనేం మనిషిని సారూ? గీ ఎండకాలం ఎక్కకుంటే గీత సంఘపోళ్లు నా చెట్లు ఇంకొకరికి ఇస్తరు. ఇప్పటికే అంటుండ్రు, ముసలోడు భయపడ్డడు, చక్కరని సాకు చెప్తుండు అని. గా మాటకే నాకు నిద్ర రాదు."

వద్దంటే అతని బతుకును తీసుకున్నట్టు. సరేనంటే ప్రాణంతో ఆడుకున్నట్టు. చివరకు ఒక షరతు పెట్టాను. కొన్నాళ్లు నేల మీదే ఉండాలి. రోజూ పొద్దున లేవగానే భార్య అతన్ని నేను చేసినట్టే పడుకోబెట్టి రెండు వైపులా కళ్లు చూడాలి. నల్లగుడ్డు కదిలిందా, ఆ రోజు చెట్టు లేదు, నా దగ్గరికి రావాలి. పూర్తిగా నిమ్మళించాక ఎక్కే రోజు నాకు చెప్పాలి. డాక్టరు అయిష్టంగానే ఒప్పుకున్నాడు.

సిస్టర్‌ను పడుకోబెట్టి అతని భార్యకు నేర్పాను. వెంటనే పట్టుకుంది. చివర్లో ఒక్క అనుమానం అడిగింది: "రోజు పొద్దుగాల నేను ఆయన కండ్లల్లకు చూడాల్నా?"

"అవ్ అక్కా, తప్పకుండ చూడాలె."

"పెండ్లినాడు గూడ చూడలే మేడమ్" అంది సిగ్గుపడుతూ. ఆమె భర్త గోడవైపు తిరిగాడు.

ఆ తరువాతి వారమంతా మా దవాఖానాకు ఆటోలు దిగాయి. 'తల తిప్పితే చక్కర్ పోతది' అన్న మాట ఊరూరా పాకింది. నిజంగా చెవి జబ్బు ఉన్నవాళ్లు కొందరు, పొద్దున్నుంచి తినక కళ్లు తిరిగినవాళ్లు కొందరు, రక్తం తక్కువైన ఆడవాళ్లు కొందరు. చెవి జబ్బు లేనివాళ్లను డాక్టరు దగ్గరికి పంపేదాన్ని. ఒకాయన సాయంత్రం పూటే తిరుగుతుందన్నాడు. "సాయంత్రం ఏం చేస్తవ్?" అని సిస్టర్ అడిగితే, "కల్లు తాగుత" అన్నాడు. "తాగకుంటే?" "తిరగది." "మరింక ఏం కావాలె?" "తాగినా తిరగొద్దు. గట్ల తిప్పుండ్రి" అన్నాడు అమాయకంగా.

ఒకరోజు మా కల్లుగీత అన్న భార్య ఫోన్ చేసింది. సంఘపోళ్లు రేపు పొద్దున చెట్ల దగ్గరికి వస్తున్నారట. అందరి ముందు ఎక్కితే చెట్లు అతనివే. లేకపోతే వేరే వాళ్లకిస్తారట. సెలవు పెట్టి సిస్టర్‌ను వెంటబెట్టుకుని యాచారం బస్సెక్కాను. అక్కడినుంచి ఆటోలో పోయాం. దారంతా నాకు పండగకు పోతున్నట్టే ఉంది. నేను బాగుచేసిన మనిషి తాటిచెట్టెక్కుతాడు, నేను కింద నిలబడి చూస్తాను! ఏ డిగ్రీ తీసుకున్న రోజూ అంత ఉషారు లేదు.

చేను గట్టు మీద తాటిచెట్లు వరుసగా ఉన్నాయి. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. సంఘం పెద్దమనిషి గొడుగు కర్ర ఆనించుకుని నిలబడ్డాడు. మా కల్లుగీత అన్న తలకు రుమాలు చుట్టి, నడుముకు కత్తి కట్టి, మోకు భుజాన వేసుకుని పెండ్లికొడుకులా ఉన్నాడు. చెట్టు కింద ఒక నులక మంచం వేసి దాని పక్కన భార్య నిలబడి ఉంది.

"ఎక్కేముందు పండాలె" అంది.

జనం గొల్లున నవ్వారు. అతను ఉడుక్కున్నాడు. "పొద్దుగాల చూసినవ్ గదనే?"

"యాడ చూసిన? నేను లేవకముందుకే చేన్ల పడ్డవ్. పండు."

అతను నా వైపు చూశాడు. నేను మంచం చూపించాను. పడుకున్నాడు. భార్య తల పట్టుకుని కుడికి తిప్పి వెనక్కి వాల్చింది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తెరువు."

తెరిచాడు. "ఏం తిరుగుతలేదు" అన్నాడు వెంటనే, అందరికీ వినబడేలా.

ఆమె అతని ముఖం మీదికి వంగి చూస్తోంది. "తిరుగుతున్నయ్" అంది.

"లేదే!"

"నా ముందట అబద్ధమెందుకు? నీ కండ్లు బొంగరాల లెక్క తిరుగుతున్నయ్."

అతను దిగ్గున లేవబోయి, మంచం కోడు పట్టుకుని తూలాడు. అయినా మోకు కోసం చెయ్యి చాచాడు. ఆమె వెళ్లి మోకు మీద కూచుంది. జనంలో ఎవరో "భయమే, చక్కర్ లేదు గిక్కర్ లేదు" అన్నారు. అతని ముఖం నల్లబడింది.

"మేడమ్, నువ్వు చెప్పు. ఒక్క చెట్టు. ఒక్కటంటే ఒక్కటే" అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. అతను ఎక్కితే చూడాలని వచ్చినదాన్ని నేనే. అయినా "ఎక్కొద్దన్నా" అన్నాను. అతను నన్ను చూసిన చూపుకు, ఆ వరుసలోని తాటిచెట్లన్నీ నేనే నరికించినట్టనిపించింది. చేతనైన పనే చేద్దామనుకున్నాను. "మళ్లీ పండు. ఇక్కడే చేద్దాం" అన్నాను.

నులక మంచం మీద ఈ వైద్యం ఎవరూ చేయకండి పిల్లలూ. మనిషి మధ్యలో కుంగిపోతాడు, తల వేలాడదు. అతన్ని అడ్డంగా పడుకోబెట్టి, పట్టె మెడకు గుచ్చుకోకుండా గోనె మడత వేసి, సిస్టర్‌ను కాళ్లు పట్టుకోమన్నాను. ఆమె బలం చాలలేదు. "జర మీరు గూడ పట్టండ్రి" అని సంఘం పెద్దమనిషినే పిలిచాను. ఆయన గొడుగు పక్కన పెట్టి వచ్చి భుజాలు పట్టుకున్నాడు. తల వాల్చాను. పెద్దమనిషి ముఖం సరిగ్గా అతని కళ్ల ఎదురుగా ఉంది.

"అరె!" అన్నాడు పెద్దమనిషి. "అరెరె! నిజంగనే తిరుగుతున్నయ్ రా! గిట్ల రండ్రి, చూడుండ్రి!"

ఇక చూసుకోండి. ఊరంతా మంచం చుట్టూ మూగింది. "జరుగు, నేను చూడలే" అని ఒకరిని ఒకరు తోసుకున్నారు. ఒక ముసలమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసి, "కావాలని తిప్పితే గిట్ల తిరుగుతయా?" అని పక్కనున్న మనవరాలిని ప్రయత్నించమంది. ఎవరికీ చేతకాలేదు. నేను తల తిప్పిన ప్రతిసారీ పెద్దమనిషి వెనకున్నవాళ్లకు చెబుతున్నాడు: "ఇప్పుడు ఎడమకు తిప్పింది... ఇప్పుడు బోర్ల పెట్టింది... ఉండుండ్రి, మడ్డి దిగుతుందట."

లేపి కూర్చోబెట్టాక అతను తల దించుకునే ఉన్నాడు. పెద్దమనిషి అతని పక్కన మంచం మీద కూచున్నాడు.

"బావా, మేము భయమనుకున్నం. కండ్లు గట్ల తిరిగేటోడు సగం చెట్టుకెళ్లి ఎట్ల దిగినవ్ రా నువ్వు?" అని జనంవైపు తిరిగాడు. "రోగమిది. తగ్గినంకనే ఎక్కుతడు. చెట్లు ఆయనయే. అప్పటిదాంక మనమే తలా ఇన్ని చూసుకుందాం. ఎవలకన్న వేరే మాట ఉందా?"

ఎవరికీ వేరే మాట లేదు. భార్య మోకు మీదనుంచి లేచింది. అతను రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. నాకూ కళ్లు చెమర్చాయి గానీ, ఆ లోపలే సిస్టర్ అడిగింది: "పెద్దమనిషీ, చెట్టెక్కుడు లేకపాయె, మరి మేమొచ్చింది ఉత్తగనేనా?" అంతే, ఇంకో గీత కార్మికుడు అప్పుడే దించిన లొట్టి తెచ్చాడు. తాటాకు దొప్పల్లో పోసి ఇచ్చారు. మేము తాగామా లేదా అన్నది డాక్టరుకు చెప్పలేదు, మీకూ చెప్పను. తిరుగు బస్సులో సిస్టర్ నా భుజం మీద తల పెట్టి, "మేడమ్, నాకు తిరుగుతుంది" అంది. "కుడిచెవా, ఎడమచెవా?" అన్నాను. యాచారం నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. కండక్టరు మమ్మల్ని అదోలా చూశాడు.

ఆ తరువాత అతను ఇంకోసారి వచ్చి చేయించుకున్నాడు. భార్య రోజూ చూస్తూనే ఉందని, ఒక్కపూటా మానలేదని చెప్పాడు. ఆ చెప్పడంలో ఫిర్యాదేమీ కనబడలేదు.

ఎండలు ముదిరాయి. ఒక ఉదయం మార్కెట్లో కూరగాయలమ్మే ఒకామెను మంచం మీద పడుకోబెట్టి, తల నా చేతుల్లో వేలాడదీసి ఉండగా నా ఫోన్ మోగింది. సిస్టర్ ఎత్తి స్పీకర్ పెట్టింది.

"మేడమ్, నేను. యాడికెళ్లి మాట్లాడుతున్ననో చెప్పు."

వెనక గాలి హోరు. తాటాకుల గలగల. కూరగాయలామె తల వదలకుండానే అడిగాను: "పొద్దున కండ్లు చూసిందా?"

"రెండు దిక్కుల చూసింది. మంచిగున్నయ్. పైకి చూసిన, కిందికి చూసిన, ఏం లేదు మేడమ్! ఫార్మా కంపెనీలకు తీసుకున్న భూములు అగుపడుతున్నయ్, రోడ్డు అగుపడుతుంది, మా ఇంటిదాని నడినెత్తి అగుపడుతుంది. తెల్లగైంది మేడమ్, నేను చూడనే లేదు!"

"ఫోన్ లోపల పెట్టు అన్నా! దిగినంక మాట్లాడు!" అని నేను అరుస్తున్నాను. కిందినుంచి అతని భార్య అంతకంటే గట్టిగా తిడుతున్నది మాకూ వినబడుతోంది. గోలకు డాక్టరు వచ్చాడు. విషయం అర్థమై ఫోన్ మీదికి వంగి, "పెద్దాయనా, మోకు గట్టిగుందా?" అన్నాడు.

"ఉంది సారూ. ఉండుండ్రి, ఇనుండ్రి."

మాటలు ఆగాయి. ఫోన్ ఎక్కడ పెట్టాడో గానీ, కాసేపటికి కత్తి చప్పుడు మొదలైంది. గెలను సన్నగా చెక్కుతున్న చప్పుడు. సర్, సర్, సర్. తొందర లేదు, తడబాటు లేదు. డాక్టరు, సిస్టర్, గుమ్మం దగ్గర వరుసలో ఉన్న పేషెంట్లు, అందరం అలాగే నిలబడి వింటూ ఉండిపోయాం.

"మేడమ్" అంది నా చేతుల్లోంచి కూరగాయలామె, తల కిందులుగా నన్నే చూస్తూ. "నాది తిరుగుడు ఎప్పుడో ఆగింది. ఇగ నన్ను లేపుతరా, ఆయన చెట్టు దిగేదాంక గిట్లనే ఉంచుతరా?"